సందేహాల డబ్బా

ఆసుపత్రి మరమ్మతు గది,
మార్చి 4

బాబాయికి నమస్కారాలు.

నీకు ఫోను చేసి లాభం లేదని ఎదురింటావిడకు చేశాను. "మీ బాబాయికి తలుపు బాదినా వినబడటం లేదమ్మా. నేను కిటికీలోంచి చెయ్యి ఊపితే చూసి లేచొస్తాడు. ఏదన్నా ఉంటే ఉత్తరం రాసి పడెయ్, అవి మాత్రం పదిసార్లు చదువుకుంటాడు" అంది. పదిసార్లు చదువుతావని తెలిసి కూడా ఐదేళ్ళలో నాలుగే ఉత్తరాలు రాశాను. ఆ సంగతి నువ్వు ఎత్తకముందే నేనే ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు పని పడి రాస్తున్నాను. ఇక్కడ మందు పంపులని ఉంటాయి. సిరంజి బిగిస్తే గంటకింత అని లెక్కగా మందును నరంలోకి నెట్టే యంత్రాలు. ఆగిపోతే గీ పెట్టాలి. కిందటి నెల మూడో వార్డులో ఒకటి ఆగింది, గీ పెట్టలేదు. ఆ మంచం మీద ఉన్నాయన ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపేవాడు. గుండె మందు అందక పట్టపగలు రెండు గంటలకు పోయాడు.

నింద వార్డు సిస్టరు మీద పడింది. కూస్తున్న అలారాన్ని నొక్కి ఆపేసి కబుర్లలో పడిందని పైవాళ్ళ మాట. ఆమెను ఇంటికి పంపేశారు. ఏప్రిల్ ఇరవైన విచారణ. తప్పు ఆమెదని తేలితే లైసెన్సు పోతుంది, కేసూ పెడతారు. పద్నాలుగేళ్ళ నుంచి ఆ వార్డులో ఉన్న మనిషి. చెడిపోయిన పంపును నాకు తెచ్చేటప్పుడు తడిగుడ్డతో తుడిచి మరీ తెస్తుంది. మిగతావాళ్ళు మరకలతో సహా బల్ల మీద పడేసి పోతారు. అలాంటి మనిషి అలారం నొక్కేసిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

కాని ఆ పంపు నా బల్ల మీద మాత్రం ఏ తప్పూ లేకుండా నడుస్తోంది. నాలుగు రోజులు నడిపి చూశాను. "యంత్రంలో లోపం లేదు" అని నేను సంతకం పెట్టిన రోజున ఆమె పని అయిపోయినట్టే. అందుకే రాసివ్వకుండా నాన్చుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటావు?

నీ అన్న కూతురు


మెట్ల కింద గది,
మార్చి 10

ఎడంచేతి పిల్లకు బాబాయి దీవెనలు.

నాలుగు కాదు, మూడు. నాలుగోది కొత్త సంవత్సరం కార్డు, అందులో నీ సంతకం తప్ప అంతా అచ్చేసిందే. పోనీలే, అవసరానికైనా గుర్తొచ్చాను, అదే పదివేలు.

నా సంగతి రాయడానికేముంది. నువ్వున్నన్నాళ్ళూ నా చెవులు నువ్వే. నేను టంకం పెట్టేవాణ్ణి, నువ్వు విని "ఇంకా గురగురమంటోంది" అనేదానివి. నువ్వు వెళ్ళాక, రేడియో బాగుచేసి మోగుతోందో లేదో ఇచ్చినవాణ్ణే అడిగితే ఎవడొస్తాడు? కొట్టు దానంతటదే మూతపడింది. రెండేళ్ళుగా ఒకాయన చిన్నపాటి పని తెచ్చిస్తున్నాడు. కళ్ళూ చేతులూ ఉంటే చాలు, చెవులతో పని లేదు. దానితో పొద్దు పోతోంది.

ఇక నీ పంపు. నీ బల్ల మీద బుద్ధిమంతుడిలా ఉండి వార్డులో ప్రాణం తీసిందంటే అది వేడి రోగం. నువ్వు మూత తీసి, ఫ్యాను కింద పెట్టి నడిపి ఉంటావు. ఇన్నేళ్ళు నేర్పినా మొద్దు మొద్దే. వార్డులో అది మూత బిగించుకుని గంటల తరబడి ఉడుకుతుంది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం ఎవరినైనా అడిగి తెచ్చుకో. ఒక్కో చిప్పుకూ వేడిగాలి కొట్టు. ఎక్కడ కొట్టినప్పుడు ఆగుతుందో దొంగ అక్కడున్నాడు.

దొంగ దొరికాక వాడి నుదుటి రాత చదువు. మనుషుల రాత ఎవరికీ కనబడదు గాని చిప్పుల రాత తెల్లగా అచ్చేసి ఉంటుంది. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెట్టి భూతద్దంలో చూడు. పై వరుస దాని పేరు. కింద నాలుగంకెలు పుట్టిన రోజు. మొదటి రెండూ ఏడాది, తర్వాతి రెండూ ఆ ఏట ఎన్నో వారమో. 1752 అని కనబడితే రాజుల కాలం నాటిదనుకోకు, రెండు వేల పదిహేడో ఏడాది చివరి వారం. నా పని పుస్తకంలో తేదీలు నేను ఇలాగే రాసేవాణ్ణి, నువ్వు నవ్వేదానివి.

ఒక్క పంపు చూసి ఊరుకోకు. బాగున్నవీ బాగాలేనివీ పక్కపక్కన పెట్టి రాతలు పోల్చు. చెడ్డవన్నీ ఒకే వారంలో పుట్టాయంటే రోగం ఒక్కదానిది కాదు, ఆ వంశానిది. అప్పుడు నీ సిస్టరు బయటపడుతుంది. ఆ రాతను ఉన్నదున్నట్టు, వంకరతో సహా గీసి నాకు పంపు.

బాబాయి


ఆసుపత్రి మరమ్మతు గది,
మార్చి 19

బాబాయికి,

మొద్దే, ఒప్పుకుంటున్నాను. ఫ్యాను కిందే పెట్టాను.

హెడ్ నర్సు దగ్గర వేడిగాలి యంత్రం అడిగి తెచ్చాను. "పనిలో ఉండగా జుట్టు మీద ఇంత మోజేమిటి?" అంది. మూడు చిప్పులకు కొట్టాను, ఏమీ కాలేదు. నాలుగోదానికి కొట్టిన రెండో నిమిషంలో మోటారు ఆగింది. అలారం కూయలేదు. మోటారునూ అలారాన్నీ ఆడించేది ఆ ఒక్క చిప్పే, ఎనిమిది కాళ్ళది. చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కూయకుండానే ఆగింది. ఒక మనిషి అలాగే పోయాడు కదా.

తర్వాత దీనితో కలిపి తొమ్మిది పంపులు విప్పాను. అయిదింటిలో ఆ చిప్పు మీద ఒకటే వారం. ఆ అయిదూ వేడికి ఆగుతున్నాయి. మిగతా నాలుగూ వేరే వేరే వారాలవి, ఎంత వేడి కొట్టినా ఆగడం లేదు. నువ్వు కూర్చున్న చోటి నుంచి కదలకుండా చెప్పేశావు.

రాత ఈ కాగితం వెనక గీశాను. రెండో వరుసలో 1923. మూడంకె కింది తోక కొంచెం తెగినట్టుంది, అయిదింటి మీదా అలాగే ఉంది.

సిస్టరు ఇంటికి వెళ్ళి చెప్పాను. నాకు కుర్చీ వేసి తను నిలబడే వింది. "ఆ మధ్యాహ్నం ఆరుసార్లు చూశానండీ. ఏడోసారి చూద్దామని లేచేలోపు అయిపోయింది. ఆరుసార్లు చూశానంటే ఎవరూ వినరు, ఏడోసారి ఎందుకు చూడలేదంటారు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

కాని విచారణ పెద్దకు ఇది చాలదట. "వారం నంబర్ల కథ నాకొద్దు. ఆ వారం సరుకులో లోపం ఏమిటో రుజువు తీసుకురండి" అన్నాడు. ఆ వారం ఏం జరిగి ఉంటుంది బాబాయీ? ఇలాంటిది నీకు ఎప్పుడైనా తగిలిందా?

నీ అన్న కూతురు


మెట్ల కింద గది,
మార్చి 25

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

చిప్పుల జోలికి పోవద్దు. కరెంటు ఇచ్చే భాగం చూడు. అక్కడ కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. వేడికి చిప్పు ఆగడమనేది మామూలే, దాన్నిబట్టి ఏదీ తేల్చలేం. రాతలో ఏముంది, అచ్చులో తేడాలు వస్తూనే ఉంటాయి.

అయిదింటినీ తీసేసి కొత్తవి వేసెయ్. పాతవి పారెయ్. ఒంట్లో బాగుండటం లేదు, ఎక్కువ రాయలేను.

బాబాయి


ఆసుపత్రి మరమ్మతు గది,
ఏప్రిల్ 2

బాబాయికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క తిట్టు లేదు. ఎడంచేతి పిల్ల కూడా లేదు. జ్వరంలో పడి ఉన్నా నన్ను మొద్దు అనకుండా వదలని మనిషివి. పైగా రాతలో ఏముందంటావు. రాత చదవనిదే చిప్పును ముట్టుకోనివ్వని వాడివి నువ్వు. ఒంట్లో నిజంగానే బాగుండటం లేదేమోనని ఎదురింటావిడకు ఫోను చేశాను. బాగానే ఉన్నావంది.

కెపాసిటర్లు చూశాను. ఒక్కటీ ఉబ్బలేదు. ఆ తర్వాత నువ్వు వద్దన్నదే చేశాను. గోళ్ళరంగు తుడిచే మందులో దూది ముంచి చిప్పు నుదురు రుద్దాను. అచ్చుతో పాటు నలుపు కూడా దూదికి అంటుకొచ్చింది. కింద గరుకు కాగితంతో అరగదీసిన గీతలు. మొదటి కాలి దగ్గర గుర్తుగా ఉండే గుంటలో నల్లరంగు పేరుకుని ఉంది. అంటే ఇది ఆ వారం పుట్టనే లేదు. ఎక్కడో వాడి పారేసిన ముసలి చిప్పుకు రంగేసి కొత్త పుట్టినరోజు పెట్టారు. నాకు ఎంత సంతోషమేసిందో. సిస్టరుకు కావలసిన రుజువు దొరికిందనుకున్నాను.

అప్పుడు దాన్ని ఊడదీసి వెల్లకిలా తిప్పాను బాబాయీ.

అడుగున సూదితో గీసిన గీత ఉంది. అయిదింటి అడుగునా ఉంది. చచ్చినదానికి అడ్డంగా రెండు గీతలు గీసి కాళ్ళు కత్తిరించడం, వేడికి తడబడేదానికి ఒక్క గీత గీయడం, ఇది మన బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు. నువ్వు గీస్తే గీత కుడికి వాలుతుంది. ఇవి ఎడమకు వాలాయి. చిన్నప్పుడు కొట్టి కొట్టి రాత కుడిచేతికి మార్చారు గాని సూది మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయింది. ఈ గీతలు నావి.

ఒక్క గీత దానికి కూడా కాళ్ళు కత్తిరించమన్నావు. "సందేహమంటే సగం చావే" అన్నావు. చల్లగా ఉన్నంతసేపూ బాగానే పనిచేస్తున్నాయి, ఎప్పుడైనా నేర్చుకోవడానికి పనికొస్తాయని నేను దాచాను. బిస్కెట్ల డబ్బాలో వేసి పై అరలో పెట్టాను. నువ్వు చూసి కూడా ఊరుకున్నావు.

ఆ డబ్బా ఎక్కడుంది?

నీ అన్న కూతురు


మెట్ల కింద గది,
ఏప్రిల్ 6

అమ్మాయికి,

కొట్టు మూసినప్పుడు పాత సామాను కొనేవాడికి అన్నీ ఇచ్చేశాను. డబ్బా కూడా అందులోనే పోయింది. వాడు ఎవరికి అమ్మాడో, వాళ్ళు ఏం చేశారో నాకెలా తెలుస్తుంది.

ఆ గీత సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. నువ్వు పనిచేసే చోటే ప్రాణం పోయింది, చిప్పు మీద నీ గీతే ఉంది. చెబితే నీ మెడకు చుట్టుకుంటుంది. రంగు పోయిందని చూపించు చాలు, దానితోనే సిస్టరు బయటపడుతుంది. చిప్పును వాళ్ళు తిప్పి చూడరు.

బాబాయి


ఆసుపత్రి మరమ్మతు గది,
ఏప్రిల్ 10

బాబాయికి,

వాళ్ళు తిప్పి చూశారు. రంగు పోగొట్టి చూపిస్తే విచారణ పెద్దాయన మొదట అడిగినదే తిప్పి చూపించమని. "ఇది రంగేసిందని ఒప్పుకుంటాను. మీ గదిలో వెయ్యలేదని ఏమిటి నమ్మకం? సిస్టరూ మీరూ స్నేహితులట కదా" అన్నాడు. ఎవరు వేశారో తేలకపోతే, ఆమెను కాపాడటానికి నేనే ఆడిన నాటకమంటారు. అప్పుడు ఆమె ఇంకా మునుగుతుంది.

నేను నీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు పనిముట్ల సొరుగు ఒకటి ఇచ్చావు, గుర్తుందా? దాని ముందు అతికించిన చీటీ మీద నీ బుల్లి రబ్బరు అచ్చులతో వేసిన అంకె ఉంది. 43వ సొరుగు. ఇన్నేళ్ళూ రోజూ చూస్తున్నాను. మూడంకె కింది తోక తెగి ఉంటుంది. నేను ఆ అచ్చును చిన్నప్పుడు కింద పడేసి తొక్కితే తెగిందని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు.

పాత సామానువాడికి నీ అచ్చులు కూడా ఇచ్చేశావా బాబాయీ? ఇచ్చేశానని రాస్తే నమ్ముతాను. నాకు నమ్మాలనే ఉంది.

విచారణ ఇంకా పది రోజులే.

నీ అన్న కూతురు


మెట్ల కింద గది,
ఏప్రిల్ 14

ఎడంచేతి పిల్లకు,

అచ్చులు నా దగ్గరే ఉన్నాయి. ఆ అంకెలు వేసింది నేనే.

నువ్వు వెళ్ళాక మూడేళ్ళు ఈ గది గడప ఎవరూ తొక్కలేదు. పొద్దున్నే లేచి టంకం ఐరన్ వేడిచేసి, చెయ్యడానికి ఏమీ లేక మళ్ళీ చల్లార్చేవాణ్ణి. అప్పుడొచ్చాడు ఆ మనిషి. నాకు వినబడదని కాగితం మీద రాసి చూపించాడు. "మీ చేతిపని గురించి విన్నాను" అని రాశాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను. పాత చిప్పుల నుదురు అరగదీసి, పూత వేసి, కొత్త రాత అచ్చెయ్యాలి. ఇవి ఎక్కడికి పోతాయి అని అడిగితే, పిల్లల బొమ్మల్లోకి, గుమ్మాల దగ్గర మోగే గంటల్లోకి అని రాశాడు. నమ్మానంటే అబద్ధం. నమ్మడానికి వీలుగా ఉంది గనుక ఊరుకున్నాను. బొమ్మకారుకు పుట్టిన వారం ఎందుకో ఆలోచించలేనివాణ్ణా నేను?

ఒకసారి వాడు తెచ్చిన సరుకు తక్కువైంది. నీ డబ్బా దించాను. అరవై ఉన్నాయి. ఒక్కొక్కటీ కరెంటు ఇచ్చి చూశాను, చల్లగా ఉన్నప్పుడు అన్నీ పనిచేశాయి. వేడి చేసి చూడలేదు. నీకు నేర్పిన మొట్టమొదటి పాఠమే నేను చెయ్యలేదు. అడుగు తిప్పి కూడా చూడలేదు. నీ గీత కంటపడితే చెయ్యి ఆడదని తెలుసు.

నలభై రెండు వేసి ఇచ్చాను. పద్దెనిమిది మిగిలాయి. నువ్వు 1923 అని గీసి పంపిన కాగితం విప్పగానే అది నా అచ్చేనని తెలిసింది. అందుకే కెపాసిటర్లంటూ నిన్ను దారి మళ్ళించబోయాను. పోయినాయన అచ్చు యంత్రం నడిపేవాడని నువ్వు రాశావు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఆయన అచ్చేసింది జనం చదువుకున్నారు, నేను అచ్చేసింది ఆయన ప్రాణం తీసింది.

విచారణ పెద్దకు రాసిన ఉత్తరం ఇదే కవరులో ఉంది. ఆ మనిషి పేరూ, వచ్చే రోజులూ అన్నీ రాశాను. అచ్చులూ పూత డబ్బా వేరే పార్సిలులో వస్తాయి. అడుగున ఉన్న గీత కూడా నాదేనని రాశాను. అడిగితే నువ్వు అవునను. వాళ్ళకు వాలు సంగతి తెలియదు. నా బతుకు అయిపోయినదే. నువ్వు ఆ గదిలో ఉంటేనే మిగతావాటిని వెతికి పట్టుకోగలవు. ఇదొక్కటీ నా మాట విను.

బాబాయి


ఆసుపత్రి వరండా,
ఏప్రిల్ 27

బాబాయికి,

మరమ్మతు గది అని రాయబోయి ఆగాను. తాళంచెవులు నిన్న ఇచ్చేశాను.

విచారణలో నీ ఉత్తరం పైకి చదివారు. పార్సిలులోని మూడంకెనూ చిప్పు మీది మూడంకెనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ తర్వాత పెద్దాయన నన్ను అడిగాడు. "అడుగున ఉన్న గీత మీ బాబాయిదేనా?"

అవునన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. నువ్వు చెప్పమన్నావని కాదు, భయమేసి అన్నాను. సిస్టరు తప్పు లేదని రాసుకున్నారు, మర్నాటి నుంచి డ్యూటీకి రమ్మన్నారు. పోయినాయన భార్య వెనక బెంచీలో కూర్చుని ఉంది. "అయితే ఎవరూ కావాలని చెయ్యలేదన్నమాట" అంది. ఎవరితో అందో తెలియదు.

బయట వరండాలో సిస్టరు నా రెండు చేతులూ పట్టుకుంది. ఎడమచెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఏమైందండీ, దెబ్బ తగిలిందా?" అని అడిగింది. ఉండబట్టలేక అంతా చెప్పేశాను. గీత ఎవరిదో, డబ్బా ఎవరు నింపారో, కాళ్ళు కత్తిరించకుండా ఎవరు దాచారో.

ఆమె రెండో చేతిని కూడా వదిలేసింది. "ఆరుసార్లు చూశానని ఎంతమందికి చెప్పానో. ఒక్కరు నమ్మితే చాలనుకున్నాను, మీరు నమ్మారు. ఇప్పుడిది నాకెందుకు చెబుతున్నారు? నాకు చెబితే మీకు బరువు తగ్గుతుంది. నా మీద ఇప్పటిదాకా ఉన్నది చాలదా? లోపలికెళ్ళి చెప్పండి" అంది.

తలుపు ఇంకా తెరిచే ఉంది. వెళ్ళాను. నమ్మలేదు. సూది ఇచ్చి గీయమన్నారు. ఎడమచేత్తో గీశాను. రెండూ భూతద్దం కింద పెట్టారు. ఒకటే వాటం.

నీ మాట వినలేదు, తిట్టు. నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టారు, తేలేదాకా ఏ యంత్రమూ ముట్టుకోకూడదు. ఇక్కడి పంపుల్లో, మిగతా ఆసుపత్రుల్లో వెతికితే ఇప్పటికి ముప్ఫై ఒకటి దొరికాయి. పదకొండు ఎక్కడో నడుస్తున్నాయి. ఎవరి మంచం పక్కనో తెలియదు. సిస్టరు డ్యూటీకి వచ్చింది. ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోతుంది. పంపులకు ఇప్పుడు గంటకు పదిసార్లు చెయ్యి పెట్టి వేడి చూస్తోందట.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఆ రకం చిప్పులు తయారుచెయ్యడం పదహారో ఏడాదిలోనే ఆపేశారట, చిప్పుల కంపెనీవాళ్ళు రాశారు. అవి దొరక్క పంపులు తయారుచేసేవాళ్ళు బజారులో కొన్నారట. అంతకుముందు ఏ వారం వేసినా కంపెనీ కాగితాల్లో కలిసిపోయేది. ఇంత తెలిసినవాడివి, పుట్టనే పుట్టని వారం ఎందుకు వేశావు?

నీ అన్న కూతురు


మెట్ల కింద గది,
మే 5

ఎడంచేతి పిల్లకు,

పిచ్చిదానా. చెప్పిన మాట ఒక్కటి కూడా వినవు. వినకపోవడమే మంచిదయిందేమో, నాకు తెలియదు. నీ ఉత్తరం ఈసారి పదిసార్లు కాదు, ఇంకా ఎక్కువసార్లే చదివాను.

ఎల్లుండి పోలీసులు నన్ను తీసుకెళ్తారు. సరుకు తెచ్చే ఆ మనిషి ముందే ఊరు దాటేశాడట. రాసి చూపించి మరీ మర్యాదగా చెప్పారు. ఎదురింటావిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. బల్ల తుడిచాను. పని పుస్తకం వాళ్ళకు ఇచ్చేస్తున్నాను, రుజువుకు కావాలట.

డబ్బాలో మిగిలిన పద్దెనిమిదీ బల్ల మీద వరసగా పేర్చి వాళ్ళకు చూపించి, వాళ్ళ ముందే కాళ్ళు కత్తిరించాను. నూట నలభై నాలుగు కాళ్ళు. చిప్పులు వాళ్ళు తీసుకున్నారు, కాళ్ళు ఏం చేసుకుంటాం అన్నారు. ఈ కవరు అడుగున ఉన్నవి అవే. విప్పేటప్పుడు జాగ్రత్త, గుచ్చుకుంటాయి. ఆ రోజు నీ చేత చేయించాల్సింది, నువ్వు మొహం చిన్నబుచ్చుకుంటే ఊరుకున్నాను. ఆ తప్పు నీది కాదు, నాది. ఇది మాత్రం ఎవరికీ రాసివ్వాల్సిన పని లేదు, నీకు తెలిస్తే చాలు.

ఆ పదకొండూ దొరికేదాకా నాకు రాస్తూ ఉండు. దొరికినప్పుడల్లా ఎన్నని రాయి, ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు.

వారం సంగతి అడిగావు. ఏదో ఒక వారం వెయ్యమన్నాడు వాడు. నేను ఏమీ ఆలోచించలేదు. పని పుస్తకం తీసి చివర రాసి ఉన్న పుట చూసి అదే అచ్చు కూర్చాను. పంతొమ్మిదో ఏడాది, ఇరవై మూడో వారం. ఆ వారం ఒక టేప్ రికార్డరు బాగుచేశాం, నువ్వు విని బాగుందన్నావు. శుక్రవారం వానలో నువ్వు సొరుగు చంకన పెట్టుకుని బస్సెక్కావు. ఆ తర్వాత పుటల్లో నేనేమీ రాయలేదు.

బాబాయి